లంగరు వేసిన రోజు

భారత నౌకాదళానికి చెందిన తారిణి అనే తెరచాప పడవ 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, భూగోళాన్ని చుట్టి, 2018 మే 21న మళ్లీ గోవాకే చేరింది. పడవ పొడవు 55 అడుగులు. నడిపింది ఆరుగురు మహిళా అధికారులు, వారికి నాయకురాలు వర్తికా జోషి. ఆరుగురిలో ఇద్దరు మన తెలుగువాళ్లు: విశాఖపట్నం నుంచి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ నుంచి బొడ్డపాటి ఐశ్వర్య. మొత్తం 254 రోజుల ప్రయాణంలో నీళ్ల మీద గడిచినవి 199. పసిఫిక్‌లో పట్టుకున్న తుపాను, హార్న్ అగ్రం దాటిన రోజు, ఇంటెత్తు అలలు, ఈ కథలన్నీ పేపర్లలో వచ్చినవే. ఈ అధ్యాయానికి కావలసింది మిగిలిన 55 రోజులు.

ఆ రోజులు గడిచింది రేవుల్లో. ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజిలాండ్‌లో లిటిల్టన్, ఫాక్‌లాండ్ దీవుల్లో పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్. ఈ నాలుగూ ముందే అనుకున్నవి. చుక్కాని తిప్పే యంత్రం మొరాయించడంతో మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో కూడా ఆగాల్సి వచ్చింది. లెక్క వేస్తే దాదాపు ప్రతి అయిదు రోజుల్లో ఒకటి ఒడ్డునే గడిచినట్టు.

ఆగకుండా తిరిగినవాళ్లూ లేకపోలేదు. అదే నౌకాదళంలోని అభిలాష్ టామీ 2012 నవంబరులో ముంబైలో బయల్దేరి, ఒంటరిగా, ఎక్కడా ఒడ్డు తాకకుండా భూమిని చుట్టి 2013 మార్చి ఆఖరుకు తిరిగొచ్చారు. గొప్ప సంగతే. అయితే ఆగకపోవడమే ఆ ప్రయాణపు పందెం. బీడీలు చుట్టి పిల్లల్ని చదివించే అమ్మకు, మూడేళ్లుగా గ్రూప్స్‌కు కుస్తీ పడుతున్న కుర్రాడికి, వినాయక్‌నగర్‌లో కిరాణా కొట్టు నడిపే ఆయనకు ఆగకపోయినందుకు ఎవరూ పతకం ఇవ్వరు. నడుము నొప్పి మాత్రం వస్తుంది.

మన నిజామాబాద్ జిల్లాకు సముద్రం దూరం. నెలల తరబడి పడవలో తిరిగినవాళ్లు ఇక్కడ అరుదు. కానీ నెలల తరబడి దిగకుండా చేసే పనులకు నిజామాబాద్‌లో, బోధన్‌లో కొదవ లేదు. ఆ పనుల మధ్యలో ఒక్క రోజు ఎలా దిగాలి, దిగినవాళ్లు ఆ రోజును ఎలా పాడు చేసుకుంటారు, ఇదే మన విషయం.

మిల్లు ఎందుకు ఆగేది

బోధన్ వైపు పెద్దవాళ్లకు నేను చెప్పేది కొత్తేమీ కాదు. నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయి కాలువల్లో మంజీర నీళ్లు వచ్చాక ఈ నేల చెరకు నేల అయింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. చలికాలం నుంచి ఎండాకాలం మొదలయ్యేదాకా రాత్రింబవళ్లు క్రషింగే. బండ్లు బారులు తీరేవి, పొగ గొట్టం ఆరేది కాదు.

అయినా చక్కెర మిల్లు మామూలుగా సీజనంతా ఏకబిగిన నడవదు. పిండిన రసాన్ని ఆవిరి వేడితో మరగించి చిక్కబరిచే పెద్ద పాత్రలు ఉంటాయి కదా, వాటిలోని గొట్టాలకు లోపల సున్నంలాంటి గట్టి పొర పడుతుంది. రసంలో ఉన్న ఖనిజాలే అలా పేరుకుంటాయి. పొర మందమయ్యేకొద్దీ వేడి రసానికి అందదు. ఆవిరి ఎక్కువ తింటుంది, పిప్పి ఎక్కువ కాలుతుంది, రసం మాత్రం చిక్కబడదు. మిల్లు నడుస్తున్నట్టే ఉంటుంది, చక్కెర మాత్రం తగ్గుతుంది. అందుకే సీజన్ మధ్యలో క్రషింగ్ ఆపి, కాస్టిక్ సోడా నీళ్లు మరగబెట్టి, బ్రష్షులు పెట్టి ఆ గొట్టాలను గీకి కడుగుతారు.

ఇందులో నాకు నచ్చేది కడగడం కన్నా అంతకు ముందు జరిగే పని. ఆపే రోజు ముందే ఖరారు చేసుకోవాలి. ఆ రోజుకు చెరకు కోయొద్దని రైతులకు కబురు పంపాలి, ఎందుకంటే కోసిన చెరకు ఎండలో పడి ఉంటే బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. చెప్పి ఆపితే శుభ్రం చేయడం అంటారు. చెప్పకుండా ఆగితే బ్రేక్‌డౌన్ అంటారు. రెండు సందర్భాల్లోనూ మిల్లు ఆగేది ఒక రోజే కావచ్చు. నష్టం ఒకటి కాదు.

మనుషుల్లో ఎక్కువ మంది బ్రేక్‌డౌన్ అయితే తప్ప ఆగరు. జ్వరం వస్తే పడుకుంటారు. అప్పుడు కూడా పక్కన ఫోను పెట్టుకుని, కొట్టుకు ఎవరొచ్చారో కనుక్కుంటూ ఉంటారు. కాబట్టి మొదటి పని: క్యాలెండరు తీసి, రాబోయే నెలలో ఒక తేదీకి గీత గీయండి. పండగ రోజు వద్దు, పెళ్లి ఉన్న రోజు వద్దు, ఆ రెండూ పనులే. మీ మీద ఆధారపడినవాళ్లకు వారం ముందు చెప్పండి. అలిసిపోయాక చూద్దాంలే అనుకుంటే ఆ రోజు రాదు. అలిసిపోయామన్న సంగతి అలిసినవాడికి ఆఖరున తెలుస్తుంది.

పెద్ద ఓడల్లో పనిచేసేవాళ్లకు ఇది చట్టంగానే ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో చేసిన సముద్ర కార్మికుల ఒప్పందం రేవులో ఒడ్డు దిగే అవకాశం ఇవ్వాలని చెబుతుంది, అదీ ఆరోగ్యం కోసం అని కారణం రాసి మరీ. 2020లో కరోనా వల్ల రేవులు మూసేసినప్పుడు, ఒప్పంద కాలం అయిపోయినా ఇల్లు చేరలేక సుమారు 4 లక్షల మంది నావికులు ఓడల మీదే చిక్కుకుపోయారు. రేవు కనిపిస్తూ ఉంటుంది, దిగనివ్వరు. మనల్ని ఎవరూ ఆపడం లేదు. మనమే దిగం.

మొదటి పూట పడవకే

తారిణి వాళ్లకు దొరికిన 55 రోజులూ హాయిగా కాళ్లు చాపుకున్న రోజులని అనుకోకండి. రేవు చేరగానే తెరచాపల చిరుగులు చూడాలి, అరిగిన తాళ్లు మార్చాలి, తాగునీళ్లు, డీజిలు, సరుకులు ఎక్కించాలి. ఆ ఊళ్లోని భారతీయులు భోజనానికి పిలుస్తారు, బడిపిల్లలు కలవాలంటారు. జనాన్ని కలవడం కూడా ఆ యాత్రకు అప్పగించిన పనే.

సుదూర ప్రయాణాలు చేసే పడవవాళ్లు ఒడ్డున దొరికిన రోజును ఎలా గడుపుతారో చూస్తే ఒక వరస కనిపిస్తుంది. ముందు పడవ పని, ఆ తర్వాత స్నానం, వేడి తిండి, నిద్ర, చివరికి ఊళ్లో నడక. ఈ వరస తిరగేస్తే నడకలోనూ చిరిగిన తెరచాపే గుర్తొస్తుంది.

మీకూ అంతే. ఆ రోజు పొద్దున రెండు గంటలు మీ పడవకు ఇవ్వండి. పొడిగించొద్దు. కొట్టు నడిపేవాళ్లయితే ఉద్దెర పుస్తకం లెక్క చూసి మూసేయండి. చదువుకునే కుర్రాడైతే బల్ల సర్ది, రేపు చదవాల్సిన పేజీ దగ్గర కాగితం పెట్టుకోవాలి. బీడీలు చేసే అమ్మ అయితే రేపటి ఆకు తడిపే పని ఎవరిదో చెప్పి, చాట, కత్తెర పైన పెట్టేయాలి. కంటికి కనబడితే చెయ్యి దానంతట అదే వాటి మీదికి పోతుంది. ఎదురుగా పని సామాను పెట్టుకుని విశ్రాంతి తీసుకోగలిగిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

ఇంకో సంగతి. చాలా రోజులు సముద్రం మీద ఉండి దిగినవాళ్లకు నేల ఊగుతున్నట్టు ఉంటుంది. ఒంటి తూకం చూసే చెవి లోపలి భాగం, మెదడు, రెండూ పడవ ఊపుకు అలవాటు పడి ఉంటాయి. మామూలుగా కొన్ని గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో సర్దుకుంటుంది. పని నుంచి దిగినవాళ్లకూ ఈ ఊపు ఉంటుంది. పన్నెండింటికి ఏదో మరిచిపోయినట్టు గుబులు, మూడింటికి చికాకు, ఊరికే ఉన్నందుకు ఏదో తప్పు చేస్తున్నామన్న బెదురు. అదేదో జబ్బని కంగారు పడి మళ్లీ పనిలోకి ఎక్కేస్తారు జనం. ఎక్కగానే హాయిగా ఉంటుంది కూడా, అదే మోసం. ఆ పూట గడవనివ్వండి.

ఒక్క రేవు చాలు

మన వైపు సెలవు రోజు ఎలా గడుస్తుందో మీకు తెలుసు. పొద్దున్నే కారు మాట్లాడుకుని బాసర దర్శనం, వస్తూ వస్తూ కందకుర్తి, ఆ పక్కనే బోధన్‌లో చక్రేశ్వరాలయం, మధ్యాహ్నం అలీసాగర్, సాయంత్రం జానకంపేట దగ్గర అశోక్‌సాగర్, టైముంటే ఖిల్లా రామాలయం. ప్రతి చోటా పావుగంట, నాలుగు ఫోటోలు. రాత్రికి ఇల్లు చేరి, రేపు పనికి పోతే గానీ అలుపు తీరదన్నట్టు పడిపోతారు. ఒడ్డు మీద కూడా ఓడ నడిపినట్టే ఇది. చోటు ఒక్కటే పెట్టుకోండి. ఏది అంటే, మీరు ఎలాంటి అలసటలో ఉన్నారన్న దాన్ని బట్టి చెబుతాను.

మాటలతో అలిసినవాళ్లకు, అంటే టీచర్లు, కొట్లవాళ్లు, ఆఫీసు కౌంటర్లలో కూర్చునేవాళ్లకు అలీసాగర్ మంచిది. నిజాంసాగర్ కాలువ నీళ్లు వచ్చి నిలిచే జలాశయం ఇది, ఎడపల్లి మండలంలో ఉంది. నిజాం కాలపు తోట, గుట్ట మీద అతిథిగృహం, చెట్ల నీడ, బోటింగ్ అన్నీ ఉన్నాయి. ఆదివారం వద్దు. పనిదినం పూట వెళితే మిమ్మల్ని పలకరించేవాళ్లు ఉండరు. ఎక్కడైనా కూర్చోవచ్చు.

ఒకే చోట కూర్చుని అలిసినవాళ్లకు కందకుర్తి. రెంజల్ మండలంలో, గోదావరి తెలంగాణలో అడుగుపెట్టే చోటు. మంజీర, హరిద్ర వచ్చి కలుస్తాయి. ఇక్కడ చోటు విశాలంగా ఉంది, నడవడానికి గట్టు ఉంది. దిగువన పోచంపాడులో శ్రీరాంసాగర్ నిండితే వెనక నీళ్లు ఇక్కడిదాకా ఎక్కుతాయి, పడవలు తిరుగుతాయి. ఎండాకాలంలో నీళ్లు తీసినప్పుడు నది మధ్యలో మునిగి ఉన్న పాత శివాలయం బయటపడుతుంది. ఒకే చోటును రెండు కాలాల్లో చూడండి, రెండు ఊళ్లు చూసినట్టు ఉంటుంది. నన్నడిగితే ఎండాకాలపు కందకుర్తే బాగుంటుంది, కానీ పిల్లలు ఒప్పుకోరు, వాళ్లకు నీళ్లు కావాలి.

నీళ్ల దగ్గరికి పోతున్నారు కాబట్టి నాలుగు ముక్కలు ముందే చెప్పాలి. వరద రోజుల్లో నదిలో పడవ ఎక్కొద్దు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు వెళ్లిన బోటు కచ్చులూరు దగ్గర మునిగి పదుల మంది పోయింది వరద గోదావరిలోనే. లైఫ్ జాకెట్ గట్టు మీదే కట్టుకోవాలి, చేతిలో పట్టుకుని ఎక్కడం కాదు. మనిషికొక జాకెట్ లేకపోతే ఆ బోటు వదిలేయండి. సెల్ఫీ కోసం అందరూ ఒక పక్కకు జరగొద్దు. ఈ మాటలు చెబితే ఇంట్లో పిరికివాడంటారు, అననివ్వండి.

సెలవు మీద వచ్చిన గల్ఫ్ బిడ్డ

ఇందూరు, ఆర్మూరు, బోధన్, బాన్సువాడ వైపు గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ అరుదు. ఈ అధ్యాయం అందరికన్నా ఎక్కువ అవసరం వాళ్లకే. రెండేళ్లు అక్కడ చేసి రెండు నెలల సెలవు మీద దిగుతాడు. దిగిన రోజు నుంచి ఒకటే ఉరుకు. చెల్లె పెళ్లి మాటలు, ఇంటి స్లాబు, బ్యాంకు, పొలం పాసుబుక్కు, ఎవరెవరికి ఏ సెంటు సీసా, ఎవరికి దుప్పటి. పాపం, విమానం ఎక్కాక గానీ నిద్రపోడు.

అతనికి నా సలహా ఒకటే: దిగిన మొదటి వారంలోనే, ఊపు తగ్గాక, ఒక రోజు తీసి పక్కన పెట్టుకో. ఆఖరి వారంలో పెట్టుకుంటే దాన్ని సూట్‌కేసు మింగేస్తుంది. ఇంట్లో మాట ఇలా వస్తుంది:

"వర్ని పెద్దమ్మ ఇంటికి పోకపోతె ఏమనుకుంటది బిడ్డా?"

"ఐతారం పోదమే అమ్మా. రేపైతె నేను ఏడికి రాను. నువ్వు గూడ ఏం పని పెట్టుకోకు."

ఇంతే. కోపం లేదు, వివరణ లేదు, మారు తేదీ మాత్రం ఉంది. పెద్దమ్మకు కావలసింది తేదీ. రాను అంటే నొచ్చుకుంటుంది, ఐతారం వస్తనంటే చాయ్‌కి పాలు పోయించి పెడుతుంది. ఆ రోజు బాపుతో కలిసి చెరువు గట్టు మీద తిరిగి రా, మాట్లాడుకోకపోయినా ఫరవాలేదు. రెండేళ్లుగా వీడియో కాల్‌లో మాట్లాడుతూనే ఉన్నారు, పక్కపక్కన నడిచింది లేదు.

పని ఆగిన రోజు వేరు

ఇక్కడ ఒక మెలిక ఉంది, చెప్పకుండా దాటితే ఈ పుస్తకం అబద్ధం అవుతుంది. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు కుప్ప పోసుకుని, రేటు కోసం తువ్వాల పరుచుకుని పడుకున్న రైతు కూడా ఆ రోజు పని చేయడం లేదు. చూసేవాడికి విశ్రాంతిలాగే ఉంటుంది. కానీ ఆయన చెవి మైకు మీద ఉంటుంది, కన్ను కుప్ప మీద ఉంటుంది. అది ఎదురుచూపు. ఆస్పత్రి వరండా, ఎంఆర్‌ఓ ఆఫీసు బెంచి, బస్టాండు ఇవన్నీ అలాంటివే. అక్కడ గడిచిన గంటల్ని విశ్రాంతి ఖాతాలో రాసుకోవద్దు. "మొన్న దినమంతా కూసునే ఉన్నవ్ గద" అని ఇంట్లోవాళ్లు లెక్క చూపిస్తారు. ఒప్పుకోకండి.

దీనికన్నా బరువైనది ఇంకొకటి. శక్కర్‌నగర్ మిల్లు 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015 డిసెంబరులో మూతపడింది. గేటుకు తాళం పడ్డాక అక్కడి కార్మికులకు దొరికినన్ని ఖాళీ రోజులు ఎవరికీ దొరకలేదు. దాన్ని హాయి అనగలిగిన మనిషి ఉన్నాడా? ఒడ్డున ఉన్నవాడికి హాయి ఎక్కడి నుంచి వస్తుందంటే, రేవులో తన పడవ కట్టి ఉందని, ఫలానా రోజు మళ్లీ ఎక్కుతానని తెలియడం నుంచి వస్తుంది. తారిణి వాళ్లు ఫ్రీమాంటిల్‌లో దిగి, నవంబరు 5న మళ్లీ తెరచాప ఎత్తారు. ఎక్కే రోజు లేనివాడికి అదే ఒడ్డు జైలు.

అందుకని పని పోయినవాళ్లకు, పని ఇంకా దొరకనివాళ్లకు విశ్రాంతి పాఠం చెప్పడం పుండు మీద కారం చల్లడమే. విశ్రాంతి గురించి మాట్లాడే పుస్తకాలు ఈ తేడా చూడకుండా అందరికీ ఒకే మందు రాస్తాయి. మీరు ఆ పరిస్థితిలో ఉంటే ఈ అధ్యాయం తిరగేసి చదవండి: వారంలో ఆరు రోజులకు ఒక ఎక్కే టైము పెట్టుకోండి, చిన్నదైనా సరే, ఎవరి కొట్టులోనైనా రెండు గంటలు లెక్కలు రాయడమైనా సరే. ఆ తర్వాతే ఏడో రోజుకు రుచి వస్తుంది.

పని ఉన్నవాళ్లు కూడా ఎక్కే టైము ముందే చెప్పుకోవాలి. "రేపు పొద్దున ఏడింటికి షట్టర్ తీస్తా" అని పైకి అనండి. అనకపోతే సాయంత్రం ఆరింటి నుంచే మనసు కొట్టు చుట్టూ తిరుగుతుంది. టైము ఖరారైతే రాత్రి పడుకునేదాకా రోజు మీదే.

చివరగా వంట సంగతి. అలీసాగర్‌లో పులిహోర డబ్బాలు విప్పే కుటుంబాలను గమనించండి. తెల్లారుజామున లేచి వండింది, డబ్బాలు కట్టింది, గడ్డి మీద దుప్పటి పరిచి వడ్డించింది, ఎంగిలి గిన్నెలు సంచిలో సర్దింది ఒక్కరే అయితే, ఆ ఇంట్లో మిగతావాళ్లే ఒడ్డు దిగారు. కాబట్టి ముందు రోజు రాత్రే తేల్చండి, రేపు ఎవరూ పొయ్యి ముట్టించరని. రోడ్డు పక్కన జొన్నరొట్టెలు కాల్చి అమ్మేవాళ్లు మన వైపు ఉన్నారు, నాలుగు కట్టించుకుని, పక్కన కూర పాయింటులో రెండు కూరలు తీసుకోండి. డబ్బులు మీరే ఇవ్వండి. రొట్టె గట్టిగా ఉందని, కూరలో నూనె ఎక్కువైందని రోజూ వండే ఆమె అంటే అననివ్వండి, తినేసి చేతులు కడుక్కోండి. ప్లేట్లు ఎత్తడం పిల్లల పని.